సున్నపు నీళ్లు

రహీమోకు ఆకు చూస్తే చాలు. మొక్కకు దాహం వేసిందో, ఆకలేసిందో, వేరు కుళ్లిందో చెప్పేసేది. ఈ విద్య ఆమెకు బడిలో రాలేదు. బడి గుమ్మం ఆమె ఎక్కనే లేదు. రీఫ్ కొండల్లో తిమ్లాల్ అనే ఊళ్లో, కిఫ్ చేల గట్ల మీద నడక నేర్చింది. మనం గంజాయి అనేదాన్నే వాళ్లు కిఫ్ అంటారు. బార్లీ కూడా పండని రాతినేల అది. తాతల నాటి నుంచీ ఆ ఊరికి అన్నం పెట్టిందీ ఆ మొక్కే, చట్టం ఒప్పని పంట గనక ఊళ్లో మగవాళ్లను అడవులు పట్టించిందీ ఆ మొక్కే.

ఏడేళ్ల పిల్లప్పుడు తండ్రి ఆమెను చేలోకి తీసుకెళ్లి ఒక మొక్క ముందు కూర్చోబెట్టాడు.

"అడుగాకు నుంచి పైకి పాలిపోతోందా, చిగురు నుంచి కిందికి పాలిపోతోందా? ముందు అది చూడు తల్లీ. అడుగు నుంచైతే మొక్కకు తిండి లేదు. చిగురు నుంచైతే తిండి ఉండీ తినలేకపోతోంది. రెండిటికీ ఒకే మందు వేసేవాడు మూర్ఖుడు."

తల్లి పోయేనాటికి రహీమోకు పదమూడేళ్లు, తమ్ముడు అల్లాల్‌కు నాలుగు. ఎర్రచారల తుండుగుడ్డతో వాణ్ని వీపుకు కట్టుకుని కలుపు తీసేది. హమాదీని పెళ్లాడి అత్తవారింటికి వెళుతూ వాణ్నీ వెంటబెట్టుకెళ్లింది. "కోడలొచ్చిందా, కోడలూ కొడుకూ కలిసొచ్చారా?" అని అత్తగారు ఎకసెక్కం ఆడితే, "ఇద్దరికీ ఒకే రొట్టె చాలమ్మా, నీకు ఖర్చు లేదులే" అందట రహీమో.

అల్లాల్ పెద్దవాడయ్యాడు, పెళ్లి చేసుకున్నాడు, అందరిలాగే కిఫ్ వేశాడు, అందరిలాగే వారెంటు తెచ్చుకున్నాడు. రెండు శీతాకాలాలు దేవదారు అడవిలో, కాపరులు వదిలేసిన గుడిసెలో తలదాచుకున్నాడు. మోకాటి లోతు మంచులో అతనికి రొట్టెలు మోసింది భార్య షామా కాదు, అక్క. రొట్టెలతో పాటు కుండలో బీసారా కూడా. ఎండు చిక్కుడుగింజలు మెత్తగా ఉడికించి ఆలివ్ నూనె పోసిన చిక్కటి పులుసు అది. కొండ ఎక్కేసరికి చల్లారి గడ్డకట్టేది. అల్లాల్ దాన్ని వేళ్లతో తవ్వుకుని తింటూ, "ఈ రొట్టె మీద ఒట్టు అక్కా, ఈ రుణం మరిచిపోతే నా కళ్లు పోవాలి" అనేవాడు.

ఆ తర్వాత రోజులు మారాయి. చట్టం మారింది. మందుల కోసం, అనుమతి తీసుకుని, లెక్క ప్రకారం కిఫ్ పండించుకోవచ్చన్నారు. ఊళ్లో సహకార సంఘం పెట్టారు. పాతకేసుల వాళ్లకు క్షమాభిక్ష వచ్చింది. అల్లాల్ నలభై రెండేళ్ల వయసులో మొదటిసారి గుర్తింపు కార్డు కోసం ఫొటో దిగాడు. ఆ ఫొటో చూసి రహీమో ఏడ్చింది. హమాదీ అప్పటికి పోయి ఆరేళ్లయింది. ఆమెకు పిల్లలు లేరు.

సంఘం వాళ్లు పాత ధాన్యపు కొట్టుకు వెల్ల వేసి, దీపాలు బిగించి, నారుగది చేశారు. గింజలు బయటిదేశం నుంచి వచ్చినవి. ప్రతి మొక్కకూ లెక్క ఉంది. ఆరువేల నారుమొక్కలు ట్రేలలో వరసలుగా లేచాయి. వాటిని కనిపెట్టుకునే పని రహీమోకు ఇచ్చారు. గది తాళంచెవి మెళ్లో తాడుకు కట్టుకుని ఊళ్లో నడుస్తుంటే ఆడవాళ్లు "దారివ్వండే, మంత్రిగారొస్తున్నారు" అని నవ్వేవాళ్లు. నారుకు నీళ్లు మోసే పని మాత్రం తమ్ముడికి ఇప్పించింది. సంఘం పెద్ద హాజీ ముఫద్దల్ గడ్డం గోక్కుంటూ సందేహించాడు.

"వాడి మాట మీద కాదు హాజీగారూ, నా మాట మీద ఇవ్వండి" అంది రహీమో.

పని ఏమంత కష్టమైంది కాదు. ఊరి పైన ఊట ఉంది. వారంలో రెండు రోజులు దాని నీళ్లు సంఘం వంతు. అల్లాల్ ట్రాక్టరు తొట్టె నింపుకొచ్చి నారుగది ట్యాంకులో పోయాలి. అంతే.

మార్చి నెల రెండోవారంలో చిగుళ్లు పాలిపోయాయి.

మొదట ఒక మూల, తర్వాత వరస వరసంతా. మెక్నెస్ పట్నం నుంచి వారానికి రెండుసార్లు వచ్చే ఇంజినీరమ్మ ఇబ్తిసామ్ ముందు దీపాల వంక చూసింది. మరీ కిందికి ఉన్నాయేమోనని గొలుసులు లాగి పైకెత్తించింది. నాలుగు రోజులు చూసి లాభం లేదంది.

"నత్రజని తక్కువైంది పిన్నీ. ఎరువు పెంచుదాం."

"అమ్మా, తిండి తక్కువైతే అడుగాకు కదా ముందు పండాలి? అడుగాకులు చూడు, ముదురాకుపచ్చగా నిగనిగలాడుతున్నాయి. చిగురు చూడు. ఈనెలు ఆకుపచ్చగానే ఉన్నాయి, మధ్యలో కండంతా పసుపు. గీతలు గీసినట్టు లేదూ?"

"చిన్న మొక్కలు కదా పిన్నీ, పుస్తకంలో ఉన్నట్టే ఉండాలని లేదు."

"నాకు పుస్తకం తెలియదు తల్లీ. ఆకు తెలుసు. నీళ్లలో ఏముందో ఒకసారి కొలిచి చూడు."

"జనవరిలో కొలిచాగా! ఊటనీళ్లు నిక్షేపంగా ఉన్నాయి. ఊట మారదు కదా."

ఎరువు పెంచారు. వారం తిరిగేసరికి ఆకుల కొసలు కాలినట్టు గోధుమరంగుకు తిరిగాయి. పసుపు మాత్రం తగ్గలేదు. ఇబ్తిసామ్ మంచి పిల్లే, కానీ పై అధికారులకు సమాధానం చెప్పుకోవలసిన పిల్ల. ఆమె ముఖం కూడా పాలిపోయింది. ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. ముసలిదాని చెయ్యి బరువట, నీళ్లు ఎక్కువ పోస్తోందట, కళ్లు కనబడవట.

రహీమో ఒక మధ్యాహ్నం ట్రేల ముందు కూర్చుని, ఈ పసుపు తను ఎక్కడ చూసిందా అని ఆలోచించింది. చాలాసేపటికి తట్టింది. ఊరి చివర పాత సున్నపు బట్టీ, దాని పక్కన బావి, బావి చుట్టూ అత్తిచెట్లు. వాటి చిగుళ్లు ఏటా ఇలాగే ఈనెలు తేలి పాలిపోయేవి. సున్నం మట్టిలోకి దిగి వేరు నోరు కట్టేస్తుందని తండ్రి అనేవాడు. ఆ చెట్ల మొదట్లో పులిసిన మజ్జిగ పోయించేవాడు.

పులుపు కావాలి. ఆమె రెండు ట్రేలు వేరుచేసి, గుర్తుకు ఎర్ర ఉన్నిదారం కట్టింది. వాటికి పోసే నీళ్లలో మాత్రం కాస్త నిమ్మరసం పిండింది. ఇంజినీరమ్మ అనుమతి లేకుండా నీళ్లలో ఏదీ కలపకూడదని నియమం. అది రహీమోకు తెలుసు. అయినా చేసింది. అడిగితే వద్దంటుందని భయం.

తొమ్మిదో రోజుకు ఆ రెండు ట్రేలలో కొత్త చిగురు ఆకుపచ్చగా విచ్చుకుంది. మిగతా గదంతా పసుపే.

సంతోషంగా టీ పెట్టుకుందామని కెటిల్ తీసి, అడుగు చూసి ఆగిపోయింది. నెలకిందట తళతళలాడిన కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కట్టింది. నారుగది ట్యాంకు నీళ్లతోనే ఆమె అక్కడ టీ కాచుకునేది. పెచ్చు మీద నిమ్మచెక్క రుద్దితే బుసబుసమని నురగ వచ్చింది. ఊటనీళ్లకు పెచ్చు కట్టదు. ఆ ఊళ్లో అలాంటి నీళ్లు ఒక్క చోటే ఉన్నాయి.

శుక్రవారం నమాజయ్యాక అల్లాల్ భోజనానికి వచ్చాడు.

"అక్కా, నీ చేతి బీసారా తిని ఎన్నాళ్లయిందే!"

"పోయిన శుక్రవారమే రెండు గిన్నెలు లాగించావు కదరా దొంగా."

"అది ఏడురోజుల కిందటి మాట. అప్పటి కడుపు వేరు, ఇప్పటి కడుపు వేరు."

ఆమె నవ్వలేదు. కెటిల్ తెచ్చి అతని ముందు బోర్లించింది.

"నీళ్లు ఎక్కడివి తమ్ముడూ?"

"ఊటవే. ఇంకెక్కడివి?"

"నా కళ్లలోకి చూసి చెప్పు."

అతను రొట్టె తుంచాడు. తలదించుకునే అన్నాడు.

"బట్టీ బావివి. ట్రాక్టరు క్లచ్ పోయిందక్కా. ఊట దాకా ఎక్కలేక మధ్యలో ఆగిపోతోంది. చెబితే ఈ పనీ తీసేస్తారు. నీళ్లు నీళ్లే కదా అనుకున్నా. మొక్కలు చస్తాయని నాకేం తెలుసు?"

"ఊరంతా నన్ను ఆడిపోసుకుంటుంటే కూడా నోరు విప్పలేదు నువ్వు."

"సిగ్గేసింది." అతను చప్పున ఆమె చెయ్యి పట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు. "గురువారం సంఘం మీటింగు ఉందిగా. నేనే నిలబడి చెప్పుకుంటా. నా నోటితో నన్ను చెప్పుకోనీ అక్కా. నువ్వు చెబితే తోడబుట్టింది పట్టించినట్టు ఉంటుంది. ఈ ఒక్కసారి."

ఆమె కరిగిపోయింది. ఆ తల నిమురుతుంటే మంచులో గుడిసె, గడ్డకట్టిన పులుసు, వణికే చేతులు గుర్తొచ్చాయి.

"సరే. గురువారం దాకా ఆగుతా."

"ఇంతకీ నీకెలా తెలిసిందే? ఇంజినీరమ్మకే అంతుపట్టలేదు!"

ఆమె గర్వంగా అంతా చెప్పింది. అత్తిచెట్లు, ఎర్రదారం, నిమ్మకాయ. "ఆ పిల్లకు ఇంకా చెప్పలేదురా. అనుమతి లేకుండా కలిపానని కోప్పడుతుంది. మీటింగులో నీ తప్పు నువ్వు చెప్పు, నా తప్పు నేను చెబుతా."

"అయితే ఇద్దరం దొంగలమే" అని నవ్వాడు అల్లాల్. గిన్నె ఒంపుకుని రెండోసారి వడ్డించుకున్నాడు. పోతూ పోతూ ఆమె నుదుటి మీద ముద్దు పెట్టాడు.

గురువారం సాయంకాలపు అసర్ నమాజు తర్వాత హాజీ ముఫద్దల్ ఇంటి పెరట్లో సంఘమంతా కూర్చుంది. పై అధికారులు పిలిపించడంతో ఇబ్తిసామ్ ఆ వారమంతా మెక్నెస్‌లోనే ఉండిపోయింది. టీ గ్లాసులు తిరిగాయి. అల్లాల్ లేచి నిలబడ్డాడు. రహీమో ధైర్యం చెబుతున్నట్టు అతని వంక చూసి తల ఊపింది.

"నన్ను పెంచింది మా అక్క" అన్నాడు అల్లాల్. "అందుకే నోరు రావడంలేదు. కానీ ఆ ఆరువేల మొక్కలూ మీ అందరి పిల్లల తిండి. దాచలేను. మా అక్క నారునీళ్లలో నిమ్మకాయలు పిండుతోంది. నా కళ్లతో చూశా. ఎవరి అనుమతీ లేదు. ఏవో పాతకాలపు నమ్మకాలు. వయసు మీద పడింది, చెబితే వినదు."

పెరడంతా ఒక్కసారి గగ్గోలెత్తింది. హాజీ చెయ్యెత్తాడు.

"రహీమో, నిమ్మకాయ కలిపావా?"

"కలిపాను. కానీ రెండు ట్రేలకే. అవే బతికాయి! వెళ్లి చూడండి. ట్యాంకులో ఉన్నవి ఊటనీళ్లు కావు, బట్టీ బావి నీళ్లు. వీడే మొన్న మా ఇంట్లో..."

"చూశారా?" అల్లాల్ రెండు చేతులూ చాచాడు. "ఇదే వస్తుందని తెలుసు నాకు. తప్పు నా మీదికి తోస్తోంది. తోడబుట్టిన నా మీదికి!"

ఒక ముసలాయన "కలిపానని తనే ఒప్పుకుంది కదా, ఇంకా విచారణెందుకు?" అన్నాడు. ఎవరూ నారుగదికి వెళ్లి చూడలేదు. చూసే ఓపిక లేదు, తప్పు మోసే మనిషి దొరికాక చూసే అవసరమూ లేదు. రహీమో తమ్ముడి ముఖం కోసం చూసింది. అతను టీ గ్లాసులో పుదీనా ఆకును వేలితో తిప్పుతున్నాడు. హాజీ చెయ్యి చాచాడు. ఆమె మెళ్లోంచి తాడు తీసి తాళంచెవి ఆ చేతిలో పెట్టింది. తాడు జుట్టుకు చిక్కుకుంటే ఎవరూ సాయం రాలేదు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఏమిటో ఆమెకు ఆవేళ తెలిసింది. ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుంది. నీళ్లు మార్చాడని కాదు ఆమె బాధ. వాడు భయస్తుడు, చిన్నప్పటినుంచీ అంతే. ఇది పన్నాలని అనుకుంటూనే రెండోసారి వడ్డించుకున్నాడే, పోతూ ముద్దు పెట్టాడే, అదీ బాధ. ఆ గిన్నె కడగబుద్ధి కాలేదు. మూడు రోజులు అలాగే పడి ఉంది.

నాలుగో రోజు పొద్దున్నే ఇబ్తిసామ్ తలుపు తట్టింది. చేతిలో ఎర్రదారం.

"పిన్నీ, గదంతా ఎండిపోతుంటే ఈ దారం కట్టిన రెండు ట్రేలు మాత్రం కళకళలాడుతున్నాయి. ఏం చేశావో చెప్పు."

"నిమ్మకాయ పిండాను. దానికే నన్ను తీసేశారు."

ఆ పిల్ల గుమ్మంలోనే కూలబడింది. "ట్యాంకు నీళ్లు ఇప్పుడే కొలిచాను. సున్నం, పిన్నీ, సున్నం! నువ్వు ఆరోజే కొలవమన్నావు. నేను పుస్తకం అన్నాను. నన్ను క్షమించు."

"లే తల్లీ, గచ్చు చల్లగా ఉంది. రొట్టె తిను ముందు."

ఊటనీళ్లు కూడా కొలిస్తే తప్ప సంఘం ముందు మాట నిలవదంది ఇబ్తిసామ్. ఇద్దరూ కొండెక్కారు. ఊట దగ్గర నీళ్లు నిక్షేపంగానే ఉన్నాయి. కానీ ఆవేళ సంఘం వంతైనా, ట్రాక్టరు తొట్టె నింపుకునే చోటికి పారాల్సిన పిల్లకాలువ పొడిగా ఉంది. ఎవరో రాయి జరిపి నీళ్లు పక్కకు మళ్లించారు. తడిమట్టిలో గొట్టం కనిపించింది. ఆ గొట్టం వెంట, ముళ్లపొదలు దాటి, గుట్ట అవతలికి నడిచారు.

పొదల వెనుక మెట్టుచేను. దాన్నిండా జానెడెత్తు కిఫ్ మొక్కలు. లెక్కలో లేనివి, అనుమతి లేనివి, నీళ్లు దండిగా తాగే కొత్తరకం. ఒక్క ఆకు మీద కూడా పసుపు చుక్క లేదు.

"క్లచ్ బాగానే ఉందన్నమాట" అంది రహీమో నెమ్మదిగా.

"ఇది ఎవరి నేల పిన్నీ?"

రహీమో గట్టు మీద కూర్చుంది. ఆ గట్టు రాళ్లు హమాదీ చేతులతో పేర్చినవి. ఆయన పోయాక ఆమె ఇటు రాలేదు, రాలేకపోయింది. పత్రాలన్నీ ఆమె పేరునే ఉన్నాయి.

"నాదే" అంది.

ఇబ్తిసామ్‌కు ఒక్క క్షణం పట్టింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పోలీసులు వచ్చి ఉంటే ఎవరి పేరు రాసుకునేవాళ్లో ఇద్దరికీ అర్థమైంది.

రహీమో లేచి, తుండుగుడ్డ నడుముకు బిగించి, మొదటి వరస పీకడం మొదలుపెట్టింది. బతుకంతా మొక్క బతికించిన మనిషి. ప్రతి మొక్కా పీకేటప్పుడు వేరు చూసేది, తెల్లగా, ఆరోగ్యంగా. ఇబ్తిసామ్ కూడా చేతులు కలిపింది. మధ్యాహ్నమయ్యేసరికి చేను ఖాళీ అయింది. ఒక్క మోపు మాత్రం గుడ్డలో కట్టి వీపున వేసుకుంది. తిన్నగా దిగి హాజీ పెరట్లో దింపింది.

హాజీ అల్లాల్‌ను పిలిపించాడు. ఈసారి పెరట్లో నలుగురే ఉన్నారు. అల్లాల్ మోపును చూశాడు, అక్కను చూశాడు. బుకాయించలేదు.

"ఏ నేల దొరకనట్టు నా నేలలోనా?" అంది రహీమో.

"నీ నేల కాబట్టే ధైర్యం చేశా అక్కా. నిన్నెవరు అనుమానిస్తారు?"

"దొరికితే?"

"దొరకవనుకున్నా. దొరికినా... ఆడదానివి, ముసలిదానివి, ఒంటరిదానివి. నిన్ను ఎక్కువకాలం ఉంచరు. నాకు పిల్లలున్నారు."

అతను అది చాలా మామూలుగా, లెక్క కుదిరిన మనిషిలా అన్నాడు. హాజీ జపం చేసుకునే తస్బీ పూసలు తిప్పడం ఆపేశాడు. రహీమో తలగుడ్డ అంచుతో చేతులకంటిన మట్టి తుడుచుకుంది.

విషయం పోలీసులదాకా పోనివ్వలేదు. పోతే సంఘం అనుమతే ఊడుతుంది. అల్లాల్‌ను పని నుంచీ, సంఘం నుంచీ తీసేశారు. హాజీ స్వయంగా తాళంచెవి తెచ్చి, "ఇంటి గుట్టు కదమ్మా, నలుగురి నోళ్లలో నాననీయకు" అన్నాడు.

"నన్ను నలుగురిలోనే తీసేశారు హాజీగారూ" అంది ఆమె. "శుక్రవారం మసీదు ముందు మీరే చెప్పండి."

ఆయన ముఖం మాడ్చుకున్నాడు, కానీ చెప్పాడు.

ఊటనీళ్లు మళ్లీ వచ్చాయి. ఇబ్తిసామ్ కొలతపెట్టి, సున్నం వేళ్లకు అందనివ్వని ఇనుమును మందుగా కలిపింది, ఏది కలిపినా పిన్నిని అడిగే కలిపింది. ఆరువేలలో నాలుగువేలకు పైగా దక్కాయి. ఏప్రిల్ చివర చేలల్లో నాటారు.

నాట్లప్పుడు అల్లాల్ భార్య షామా వచ్చింది, వదినను చూడ్డానికి ఎప్పుడూ రాని మనిషి. గట్టు మీద నిలబడి, అల్లాల్ ఇల్లు కదలడంలేదనీ, పిల్లలు బడికి పోతే వెక్కిరిస్తున్నారనీ చెప్పింది.

"ఒక్క మాట అను వదినా. నువ్వే ఒప్పుకుని వేయించావని. సంఘంలోకి మళ్లీ తీసుకుంటారు. నీదేం పోతుంది? నువ్వు పెంచిన వాడే కదా!"

"పెంచాను" అంది రహీమో. "అందుకే అనను."

"రాయి గుండె నీది! తోడబుట్టిన వాణ్ని పట్టించి, హాయిగా నాట్లు వేస్తున్నావు!"

ఊళ్లో సగంమంది మాటా అదే. బావి దగ్గర ఆమె రాగానే మాట ఆపేవాళ్లు ఉన్నారు. మనిషి అన్నాక కడుపులో పెట్టుకోవాలి అనేవాళ్లు ఉన్నారు. రహీమో బక్రీదుకు ఏటా అల్లాల్ ఇంటికి పంపే పొట్టేలు తొడ ఈసారి కోసి, ఉప్పు రాసి, చాలాసేపు చూసి, పక్కింటి వాళ్లకు ఇచ్చేసింది. వాళ్లు ఆశ్చర్యపోయి పుచ్చుకున్నారు.

మరుసటేడు హమాదీ మెట్టుచేనుకు ఆమె తన పేరున అనుమతి తీసుకుంది. ఆ కాగితం మీద వేలిముద్ర వేస్తుంటే గుమాస్తా అడిగాడు, "ఇంటి మగవాళ్లెవరైనా ఉన్నారామ్మా, సాక్షి సంతకానికి?"

"ఒక తమ్ముడున్నాడు" అంది. వేలికంటిన సిరా తుడుచుకుని, "వేరే ఎవరినైనా పిలుస్తాను" అని బయటికి నడిచింది.